ఇంటికప్పు విప్పిన చేతులు

(విశాఖపట్నంలో జరిగిన క్రైస్తవ యువజనుల సమావేశంలో, నౌకాదళ విమాన విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పాస్టర్ గారికి, సంఘ పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, చోటు చాలక గోడ వారగా నిలబడ్డ తమ్ముళ్లకు, అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మార్కు సువార్త రెండో అధ్యాయం మీకు తెలిసిందే. కపెర్నహూములో ప్రభువు ఒక ఇంట్లో వాక్యం చెబుతున్నారు. వాకిట్లో కూడా కాలు పెట్టే చోటు లేదు. పక్షవాయువుతో కదలలేని ఒక మనిషిని నలుగురు మోసుకుని వచ్చారు. లోపలికి దారి దొరకలేదు. అప్పుడు ఇంటికప్పు విప్పి, పరుపుతో సహా ఆయన ముందుకు దించారు. వాళ్ల విశ్వాసం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈ సాయంత్రం నేను వాళ్ల చేతుల గురించి మాట్లాడాలని వచ్చాను.

ఒక్కసారి ఆలోచించండి. కింద జనం ఉండగా వాళ్ల నెత్తిన పెళ్లలు రాలకుండా కప్పు విప్పాలంటే, ఆ కప్పు ఎలా వేస్తారో తెలిసి ఉండాలి. దూలం ఎక్కడుందో, ఎక్కడ విప్పితే మిగతాది నిలుస్తుందో తెలియాలి. నాలుగు మూలలా పట్టుకున్నవాళ్లు ఒకే వేగంతో వదలాలి. ఒకడు తొందరపడితే రోగి పక్కకు దొర్లిపోతాడు. ఆ నలుగురిలో ఒక్కరి పేరైనా సువార్తలో లేదు. వాళ్లకు తెలిసిన పని మాత్రం ఉంది.

నేనెందుకు ఇక్కడి నుంచి మొదలుపెట్టానో మన జిల్లాల వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు గూడేల నుంచి వచ్చినవాళ్లు ఈ హాలులో ఉన్నారు. నొప్పులు పడుతున్న మనిషిని దుప్పటి డోలీలో పడుకోబెట్టి, కర్రకు రెండు వైపులా భుజాలు మార్చుకుంటూ, వాగు దాటి, గట్టు దిగి, అంబులెన్సు ఆగే చోటు వరకు మోసుకొచ్చిన చేతులు మీలో కొందరివి. డోలీ మోత అంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకునే అవసరం మనకు లేదు. పాపువా న్యూగినీ కొండల్లో ఇప్పటికీ జరుగుతున్నది అదే. అక్కడ ఎనిమిది వందలకు పైగా భాషలున్నాయి. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండ ప్రాంతాలకు రోడ్డే లేదు. ఒక లోయ నుంచి పక్క లోయకు నడిచి వెళ్లాలంటే రోజులు పడుతుంది. చిన్న విమానం అదే దూరాన్ని నిమిషాల్లో దాటుతుంది. మిషన్ విమానసేవ అంటే ఇదే. రోడ్డు లేని చోటికి రోగిని, నర్సును, టీకాలను, బడి పుస్తకాలను, బైబిలు అనువాదకుడిని, పాస్టరును చేర్చే చిన్న విమానాల పరిచర్య. విమానంలోకి ఎక్కించే ముందు రోగిని మతమేమిటని అడగరు. బరువెంత అని మాత్రం అడుగుతారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

విమానం అనగానే మన మనసు పైలట్ మీదికి పోతుంది. ఈ మాట విని "అన్నా, నాకు విమానం నడపడం రాదు కదా" అని ఇంటికి వెళ్లిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే ముందుగా చరిత్రలోకి తీసుకెళ్తాను.

ఎంఏఎఫ్, అంటే మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అనే సంస్థ పేరు మీరు వినే ఉంటారు. 1945లో అమెరికాలో అది మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలతో పనిచేసిన కొందరు క్రైస్తవ యువకులు, యుద్ధానికి వాడిన ఈ నైపుణ్యాన్ని ఇకపై దేవుని పనికి ఎందుకు వాడకూడదని ప్రార్థించి ఏర్పరచుకున్న సహవాసం అది. దాని తొలి పైలట్ ఒక స్త్రీ. బెటీ గ్రీన్. యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం విమానాలు నడిపిన మహిళా పైలట్ల దళంలో ఆమె పనిచేసింది. చెల్లెళ్లు ఆ పేరు గుర్తుపెట్టుకోండి. అయితే ఆ సంస్థ కోసం ఆమె మొదట పట్టుకున్నది విమానాన్ని కాదు, కార్యాలయ తాళం చెవిని. లాస్ ఏంజెలెస్‌లో ఆఫీసు తెరిచి, ఉత్తరాలు రాసి, లెక్కలు చూసి, ఆ తర్వాతే 1946 ఫిబ్రవరి 23న సంస్థ తొలి ప్రయాణానికి బయలుదేరింది. 1933 నాటి పాత వాకో విమానంలో, ఇద్దరు బైబిలు అనువాద సేవకురాళ్లను ఎక్కించుకుని మెక్సికోకు వెళ్లింది.

ఆ వాకోకు కొన్ని నెలల్లోనే దెబ్బ తగిలింది. బెటీ తర్వాత బాధ్యత తీసుకోవలసిన పైలట్ అడవి మధ్యలోని నేల మీద దించుతుండగా పక్కనున్న చిన్న కట్టడానికి కొట్టుకుంది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు, కానీ రెక్క, చక్రాల అమరిక, ముందున్న పంకా పాడైపోయాయి. సంస్థకు ఉన్నది ఆ ఒక్క విమానమే. పైలట్లు ఉన్నారు, ప్రార్థించేవాళ్లు ఉన్నారు, ఎగరడానికి మాత్రం ఏమీ లేదు. అప్పుడు కావలసివచ్చింది పైలట్ కాదు, మెకానిక్. నేట్ సెయింట్ అనే యువకుడిని పిలిచారు. సైన్యంలో విమానాల మరమ్మతు చేసినవాడు. పైలట్ కావాలన్నది అతని ఆశ, కానీ కాలి ఎముకకు పట్టిన వ్యాధి వల్ల సైన్యం అతనికి ఆ శిక్షణ ఇవ్వలేదు. ఆ మనిషి మెక్సికో అడవికి వెళ్లి, విరిగిన చెక్కరెక్కను తిరిగి కట్టాడు.

ఆ రోజుల్లో రెక్క అంటే చెక్క పక్కటెముకల మీద బిగించి కుట్టిన గుడ్డ. అవును, కుట్టిన గుడ్డే. సూదీ దారంతో ఒక్కో పక్కటెముకకు ముడి వేస్తూ కుట్టి, ఆపైన గుడ్డ బిగుసుకునేలా మందు పూత వేసేవాళ్లు. కుట్టు సరిగా లేకపోతే గాలిలో గుడ్డ ఉబ్బి లేచిపోతుంది. దొర్కా తన చేతులతో కుట్టిన వస్త్రాలను విధవరాళ్లు పేతురుకు చూపించి ఏడ్చారని అపొస్తలుల కార్యములలో చదువుతాం. నేను వాకో కథ చదివిన రోజు నుంచి దొర్కాను కూడా విమానసేవలో చేర్చుకున్నాను.

నేట్ సెయింట్ తర్వాత ఈక్వడార్‌లో పైలట్‌గా పనిచేశాడు. విమానం దిగే చోటు లేని అడవిలోకి సామాను పంపడానికి అతను ఒక పద్ధతి కనిపెట్టాడు. పొడవైన తాడు చివర బకెట్టు కట్టి, విమానాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటే, తాడు సుడి తిరుగుతూ కిందికి జారి, బకెట్టు మధ్యలో దాదాపు కదలకుండా నిలబడుతుంది. కింద ఉన్న మనిషి చేయి చాపి అందులోది తీసుకోవచ్చు, తనదేదైనా పెట్టి పంపవచ్చు. కప్పు విప్పి పరుపు దించిన వాళ్ల వంశమే ఇతనిది అనిపిస్తుంది నాకు. 1956 జనవరి 8న అతన్నీ, అతనితో ఉన్న నలుగురు సేవకులనూ వౌరానీ తెగవారు ఈటెలతో చంపారు. ఆ మరణం గురించే అందరూ చెబుతారు. దానికి పదేళ్ల ముందు, చేతికి జిగురు అంటించుకుని రెక్క కట్టిన రోజుల గురించి ఎవరైనా చెప్పాలి కదా, అందుకే నేను చెబుతున్నాను.

ఇంకొక కథ మన సముద్రానికి దగ్గరగా ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా మీలో కొందరైనా వినే ఉంటారు. ఆ యుద్ధకాలంలో కలకత్తాలో ఉంటూ ఈ బంగాళాఖాతం మీద గస్తీ తిరిగిన బ్రిటిష్ పైలట్లలో జాక్ హెమింగ్స్ ఒకరు. యుద్ధం అయ్యాక ఆయన, స్టువర్ట్ కింగ్ అనే విమాన ఇంజినీరు కలిసి 1948లో లండన్ దగ్గరి క్రాయ్‌డన్ నుంచి మైల్స్ జెమిని అనే చిన్న విమానంలో ఆఫ్రికాకు బయలుదేరారు. ఏ ఊళ్లో ఆసుపత్రి ఉంది, ఎక్కడ విమానం అవసరం, ఎక్కడ దించవచ్చు అని నెలల తరబడి తిరిగి రాసుకున్నారు. బురుండీలో వాళ్ల విమానం కొండవాలుకు కొట్టుకుని ముక్కలైంది. ఇద్దరూ దెబ్బ తగలకుండా బయటపడ్డారు. వాళ్లు రాసుకున్న వివరాలు వృథా కాలేదు, 1950లో సూడాన్‌లో విమానసేవ మొదలైంది. హెమింగ్స్ గారు 102 ఏళ్ల వయసులో ఈ పరిచర్యకు విరాళాలు పోగుచేయడానికి స్పిట్‌ఫైర్ విమానం ఎక్కారు. 2025 జనవరిలో, 103 ఏళ్ల వయసులో ప్రభువులో నిద్రించారు. వయసు మీరిందని నాతో అనే పెద్దలకు నేను ఆయన పేరే చెబుతాను.

మన ఊరికి కూడా ఇటువంటి చరిత్రే ఉంది. 1805లో లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఇద్దరూ ఐదేళ్లు గడిచేలోపు, ఒకరి తర్వాత ఒకరు కన్నుమూశారు. అయినా సువార్తలు తెలుగులోకి వచ్చాయంటే, తెలుగు, సంస్కృతం వచ్చిన ఆనందరాయరు పక్కన కూర్చుని మాట మాటకూ సాయం పట్టబట్టే. ఆ ప్రతులు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ అచ్చుకూటంలో అచ్చయ్యాయి. ఆ అచ్చుకూటాన్ని నడిపించిన విలియం వార్డ్ వృత్తిరీత్యా ముద్రాపకుడు. ఒకరికి భాష వచ్చు, ఒకరికి అచ్చుపని వచ్చు. మన చేతిలోని బైబిలుకు ఆ అచ్చుపని కూడా పునాదే.

ఇప్పుడు నా సంగతి. నేను నౌకాదళంలో విమానాల విడిభాగాల స్టోరు చూసేవాడిని. పైలట్‌ను కాదు, మెకానిక్‌ను కూడా కాదు. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 విమానం మీరంతా చూశారు. దాని ముందు నిలబడి ఫోటో తీసుకోని విశాఖ మనిషి ఉండరేమో. ఆ రకం విమానాలు నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి, అన్నీ కలిపి 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయని వాటి చరిత్ర. ఆ 30 వేల గంటలు పైలట్ల పుణ్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. నేలమీద ప్రతి ఉదయం, ప్రతి రాత్రి ఎవరో ఒకరు ప్రతి బోల్టును చూశారు కనుక అది సాధ్యమైంది. ఆ రకం విమానం దగ్గర నేను కూడా కొంతకాలం పనిచేశాను.

పదవీ విరమణ తర్వాత, తూర్పు ఆఫ్రికాలోని ఒక మిషన్ హ్యాంగర్‌లో, అంటే విమానాలు ఉంచి బాగుచేసే షెడ్డులో, స్టోరు సర్దే మనిషి కావాలని తెలిసింది. పది వారాలకు వెళ్లాను. టికెట్టు నాదే, తిండి ఖర్చు నాదే, జీతం లేదు. మన రాష్ట్రంలో వాలంటీరు అనగానే నెలనెలా గౌరవ వేతనంతో పనిచేసిన వార్డు వాలంటీర్లు గుర్తుకొస్తారు కనుక ముందే చెబుతున్నాను, నేను చెప్పే స్వచ్ఛంద సేవలో సాధారణంగా ఖర్చు మనమే పెట్టుకోవాలి.

అక్కడ ఏం చేశానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పని రుచి వివరాల్లోనే తెలుస్తుంది. రబ్బరుతో చేసిన ఓ-రింగులు, సీళ్లు డబ్బాలో పెట్టినా ముసలివవుతాయి. ప్రతిదానికీ ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటినది చూడటానికి కొత్తదానిలాగే మెరుస్తుంది, కానీ బ్రేకులోనో ఇంధనం గొట్టంలోనో పెడితే లీకవుతుంది. అటువంటివాటిని వేరే అలమరలో, ఎర్ర చీటీ కట్టి, తాళం వేసి పెట్టాలి. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి ధ్రువపత్రంతో వచ్చింది, ఏ విమానానికి బిగించారు అన్నది కాగితం మీద ఉండాలి. కాగితం లేని భాగం ఎంత మంచిదైనా విమానానికి అది లేనట్టే. పనిముట్ల గోడ ఒకటి ఉంటుంది. ప్రతి స్పానరుకు, స్క్రూడ్రైవరుకు దాని ఆకారంలో గోడ మీద నీడ గీసి ఉంటుంది. సాయంత్రం గోడ మీద ఒక నీడ ఖాళీగా కనబడితే, ఆ పనిముట్టు దొరికేవరకు విమానం కదలదు. అది రెక్కలోనో, ఇంజిన్ మూతలోనో మిగిలిపోయి ఉండవచ్చు కదా. తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని నేను హ్యాంగర్‌లో ప్రతి సాయంత్రం చూశాను.

ఇక నా తప్పు. మొదటి వారంలోనే నేను ఆ స్టోరునంతా నౌకాదళ పద్ధతిలోకి మార్చేశాను. నంబర్ల వరుస మార్చాను, అలమరలు మార్చాను, చీటీలు మార్చాను. ఎవరినీ అడగలేదు. నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, నేను చేసేది మంచిదే అనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం కారవాన్ విమానానికి బ్రేకు దగ్గర ఓ-రింగు మార్చవలసి వచ్చింది. అక్కడి మెకానిక్ ఎన్నో ఏళ్లుగా చేయి పెట్టే చోట చేయి పెట్టాడు. అక్కడ లేదు. నేను మార్చిన చోటు నాకే వెంటనే గుర్తురాలేదు. వెతికి, దొరికించుకుని, బిగించి, పరీక్షించేసరికి పొద్దు వాలింది. విమానాలు దిగే మారుమూల నేలల మీద దీపాలు ఉండవు. చీకటి పడేలోపు వెళ్లి తిరిగి రాలేకపోతే బయలుదేరకూడదు. అవతల కాలు విరిగిన ఒక పిల్లవాడు విమానం కోసం ఎదురుచూస్తున్నాడు. వాడు ఆ రాత్రంతా నొప్పితో అక్కడే ఉండిపోయాడు. మర్నాడు ఉదయం తీసుకొచ్చారు, కాలు కట్టారు, కోలుకున్నాడు. ఆ మెకానిక్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను మోకరించి క్షమాపణ అడిగాను, ముందు దేవుణ్ణి, తర్వాత అతన్ని. ఆ తర్వాతి తొమ్మిది వారాలు రోజూ ఉదయం మొదట అడిగిన ప్రశ్న ఒకటే, "ఈరోజు మీకు ఏం కావాలి?"

తమ్ముళ్లారా, నైపుణ్యం ఉన్నవాడికి వచ్చే శోధన ఇదే. తెలియనివాడు అడిగి చేస్తాడు. తెలిసినవాడు అడగడం మానేస్తాడు.

సరే, ఈ హాలులో ఎవరెవరున్నారో చూద్దాం. కామర్స్ చదివినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. విమానసేవలో మీ అవసరం మీరు ఊహించనంత ఉంది. కారవాన్ విమానం ఇంజిన్‌ను సాధారణంగా 3,600 గంటలు ఎగిరాక పూర్తిగా విప్పి కొత్తగా చేయించాలి. దానికి చాలా పెద్ద మొత్తం అవుతుంది. అంటే ఎగిరిన ప్రతి గంటకూ కొంత డబ్బు పక్కన పెడుతూ రావాలి. ఈరోజు ఇంధనానికి చాలడం లేదు కదా అని ఆ డబ్బు ముట్టుకుంటే, నాలుగేళ్ల తర్వాత విమానం హ్యాంగర్‌లో కూర్చుంటుంది, రోగి డోలీలో ఉంటాడు. వేరువేరు దేశాల డబ్బు, దాతల డబ్బు, టికెట్ల డబ్బు కలిసి వచ్చే చోట ఒక్క రూపాయి కూడా దారి తప్పకుండా చూసేవాడు పైలట్‌తో సమానంగా విమానాన్ని గాలిలో నిలబెడుతున్నాడు. ఈ పనిలో చాలా భాగం మీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేయవచ్చు.

ఇందాక బరువు గురించి చెప్పాను. చిన్న విమానం ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి బస్తానూ, ప్రతి కోడినీ కాటా మీద పెడతారు. మొత్తం బరువు ఎంత అన్నది ఒకటి, ఆ బరువు ముందు ఎంత, వెనక ఎంత అన్నది మరొకటి. వెనక బరువు ఎక్కువైతే ముక్కు పైకి లేచి విమానం చేయి దాటిపోతుంది. పోర్టులో సరుకు లెక్కలు రాసినవాళ్లకు, రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇది తల్లి భాషలాంటిది. ఓడలో సరుకు ఎటువైపు సర్దాలో తెలిసిన మన పోర్టు మనిషికి విమానంలో సర్దడం నేర్పడానికి ఎక్కువ రోజులు పట్టదు.

రిఫైనరీలో పనిచేసే సహోదరులు ఇద్దరు కనబడుతున్నారు. ఇంధనంలో నీరు చేరితే ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మారుమూల చోట్ల ఇంధనం పీపాల్లో నిలవ ఉంటుంది. రాత్రి చలికి పీపాలో నీరు చెమటలా పడుతుంది. ఉదయం ప్రతి విమానం రెక్క కింద నుంచి సీసాలో కొంచెం ఇంధనం తీసి, వెలుతురుకు పట్టుకుని, అడుగున నీటిబొట్టు ఉందా అని చూస్తారు. చిన్న సెస్నా విమానాలు వాడే ప్రత్యేకమైన పెట్రోలు చాలా దేశాల్లో దొరకడమే కష్టమైంది, దొరికినా ధర మోయలేనిది. అందుకే కిరోసిన్ రకం జెట్ ఇంధనంతో నడిచే కారవాన్, కోడియాక్ విమానాల వైపు మళ్లారు. కోడియాక్‌ను రూపొందించినప్పుడే మిషన్ అవసరాలను, పొట్టి గరుకు నేలలను దృష్టిలో పెట్టుకున్నారు. పీపాల నిలవ ఎలా ఉండాలి, పరీక్ష ఎలా రాసిపెట్టాలి అన్నది మీరు చెప్పగలరు.

షిప్‌యార్డు వెల్డర్లకు ఒక మాట. మీ చేతి పని గొప్పది, కానీ విమానం మీద వెంటనే చేయి వేయనివ్వరు. విమానం పని చేసినవాడి సంతకానికి లైసెన్సు ఉండాలి, మన దేశంలో అయితే అది పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చేది. నొచ్చుకోకండి. హ్యాంగర్‌కు తలుపులు కావాలి, నీటి ట్యాంకుకు స్టాండు కావాలి, ఇళ్లకు కిటికీలు కావాలి, జనరేటర్ షెడ్డు కావాలి. అవి లేక, లైసెన్సు ఉన్న మెకానిక్ తన ఉదయాలు కిటికీ బాగుచేయడంలో గడిపిన హ్యాంగర్లు ఉన్నాయి. మీరు ఆ కిటికీ బిగిస్తే అతను ఇంజిన్ దగ్గరికి వెళ్తాడు. ఇక ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు. జార్స్, అంటే జంగిల్ ఏవియేషన్ అండ్ రేడియో సర్వీస్ అనే సంస్థ 1948లో మొదలైంది. అడవుల్లో బైబిలు అనువాదకులకు విమానాలు, రేడియోలు సమకూర్చడం దాని పని. దాని పేరులోనే విమానంతో పాటు రేడియో కూడా ఉంది. అనువాదకుల నాయకుడు కామెరాన్ టౌన్సెండ్ తన భార్యతో, పసిబిడ్డతో 1947లో మెక్సికో అడవి నుంచి బయలుదేరిన విమానం కూలి గాయపడ్డాడు. సరైన విమానాలు, సరైన మనుషులు, సరైన సంబంధాలు లేకపోతే అనువాదకుల ప్రాణాలు దక్కవని ఆయనకు అప్పుడే తెలిసింది. మీకు ఆ రేడియో ఒక పిలుపు.

సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లూ, మీరు రాసే పని మధురవాడలోని వేగవంతమైన ఇంటర్నెట్ మీద చక్కగా నడుస్తుంది. వర్షంలో, సోలార్ పలక మీద నడిచే పాత కంప్యూటర్‌లో, సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట నడిచేలా రాయగలరా? బుకింగ్, స్టోరు లెక్క, మెకానిక్ రాసే పుస్తకం, ఇవన్నీ అటువంటి చోటే తెరుచుకోవాలి. ఉపాధ్యాయురాళ్లు ఒకరిద్దరు ఉన్నారు. పైలట్ కుటుంబాలు సగంలో వెనక్కి వచ్చేయడానికి పిల్లల చదువు ఒక పెద్ద కారణం. మీరు ఒక ఏడాది ఇద్దరు పిల్లలకు లెక్కలు చెబితే ఒక విమానం ఆ ఏడాది ఎగురుతుంది. ఇది నేను అతిశయించి చెబుతున్న మాట కాదు.

కొన్ని హెచ్చరికలు చెప్పకుండా కూర్చోలేను. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేయకండి. జీతం లేని పనైనా పనే, ఆ దేశపు చట్టం అలాగే చూస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులు శాఖ అనుమతి తీసుకుని వెళ్లండి. విదేశాల నుంచి విరాళం పంపిస్తామని ఎవరైనా అంటే, విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు లేకుండా తీసుకోవద్దు, ప్రభువు పని అనే పేరు చట్టానికి మినహాయింపు కాదు. 2024లో కంబోడియాలో ఉద్యోగాలని నమ్మి మన నగరపు పిల్లలు ఎలా మోసపోయారో మనందరం విన్నాం. మిషన్ పేరు చెప్పి ఏజెంటు డబ్బు అడిగితే ఆ క్షణమే లేచి వచ్చేయండి. సంస్థతోనే నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపండి, పాస్టర్ గారికి చూపించండి, ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

ఇది ప్రమాదం లేని పరిచర్య కాదని కూడా తెలిసి రండి. పాపువా న్యూగినీలో ఎంఏఎఫ్ పని ఆరంభించిన హ్యారీ హార్ట్‌విగ్ 1951లో, ఆ పని మొదలైన ఏడాదే, విమానం కూలి మరణించాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఈ పరిచర్యలో ఉన్నవాళ్లు ఓ-రింగు తేదీని అంత శ్రద్ధగా ఎందుకు చదువుతారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వెనక వరుసలో ఒక చెల్లెలు చేయి ఎత్తింది. చెప్పమ్మా.

(ప్రశ్న: "నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఇంటర్ తర్వాత టైలరింగు నేర్చుకున్నాను. విదేశాలకు వెళ్లే స్థితి మాది కాదు. నాలాంటివాళ్లు చేసేది ఏమైనా ఉందా?")

మంచి ప్రశ్న అడిగావు తల్లీ. ఇవాళ్టి విమానాల రెక్కలు ఎక్కువగా లోహంవే, వాటికి కుట్టు అక్కరలేదు. కానీ ఎండలో నిలబెట్టిన విమానం అద్దాలకు, ఇంజిన్ గాలి రంధ్రాలకు తొడుగులు కుడతారు, లేకపోతే పక్షులు గూళ్లు పెడతాయి. సీట్ల కవర్లు చిరుగుతాయి. సామాను కదలకుండా కట్టే వలలు తెగుతాయి, అయితే ఆ వలలు ధ్రువపత్రం ఉన్నవే వాడాలి, వాటి జోలికి మాత్రం వెళ్లకు. ఇక విమానమే కావాలని పట్టు పట్టకు. మన కొండ మీది గూడేల్లో డోలీకి వాడేది పాత దుప్పటి. అది జారుతుంది, వర్షానికి తడిసి బరువెక్కుతుంది, కర్ర దగ్గర చిరుగుతుంది. గట్టి కాన్వాసుతో, నడుము దగ్గర పట్టీతో, కర్ర దూరే చోట రెండు మడతలు వేసి ఒకటి కుట్టగలవా? ముందు పాడేరు వైపు నుంచి వచ్చిన ఈ అన్నయ్యలను అడుగు, భుజానికి ఎక్కడ నొప్పి పుడుతుందో, దిగుడులో ఎటు వాలుతుందో వాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పినట్టు మొదటిది కుట్టు. గుడ్డ ఖర్చు నేను పెట్టుకుంటాను.

తలుపు దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. పేరు, మీకు చేతనైన పని ఒక్క వాక్యంలో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో రాయండి. "ఏ పనైనా చేస్తాను" అని మాత్రం రాయకండి, దానితో ఎవరికి ఏం అప్పగించాలో మాకు తెలియదు. వచ్చే శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో టీయూ-142 దగ్గర కలుద్దాం. చక్రాలు లోపలికి మడుచుకునే చోట తల ఎత్తి చూడండి. ఆ గొట్టాలు, ఆ బోల్టులు ఒక్కొక్కటీ ఎవరు చూసేవారో, ఎలా చూసేవారో అక్కడ నిలబడి చెబుతాను.